ఘర్షణ లేని బావి

ఇకపై సంస్థలో ఘర్షణ అనేది ఉండరాదని పెద్ద డైరెక్టరుగారు ఆదేశించడంతో, ప్రకృతికి అంతవరకూ ఉన్న స్వేచ్ఛల్లో ఒకటి రద్దయింది. ఆయన ఉద్దేశం మంచిదే. క్యాంటీన్‌లో కిటికీ పక్క బల్ల కోసం అకౌంట్సు వాళ్లూ స్టోర్సు వాళ్లూ కలబడి, ఒకరి చొక్కాలు ఒకరు చింపుకున్నారు. అది ఆపమన్నారు, అంతే. ఆ మాటను ఉత్తర్వుగా మార్చే భారం మాత్రం కొత్తగా వచ్చిన సామరస్యాధికారి మీద పడింది. ఆయన అరకొరగా పనిచేసే మనిషి కాదు. “ఘర్షణ ఏ రూపంలో ఉన్నా, ఎక్కడ ఉన్నా, ఎంత లోతున ఉన్నా నిషిద్ధం” అని రాసి, రంగుల్లో అచ్చు వేయించి గోడగోడకీ అంటించారు.

‘ఎంత లోతున’ అన్న మాట చదవగానే చమురు బావుల లెక్కల గదిలో ఇంజనీరమ్మ ఉలిక్కిపడింది. ఆమె ఉద్యోగమే ఘర్షణ. బావి అడుగు నుంచి నూనె, నీళ్లు, గ్యాసు కలగాపులగంగా గొట్టంలో పైకి వస్తాయి. వచ్చే దారిలో గోడలకు రాసుకోవడంలోనే ఒత్తిడి కొంత ఖర్చయిపోతుంది. అది ఎంతో లెక్కకట్టి, బావి ఎంత చమురు ఇవ్వగలదో చెప్పడం ఆమె పని.

ఆమె సామరస్యాధికారి గదికి వెళ్లింది.

“సార్, ఇది మనుషుల ఘర్షణ కాదండీ. ద్రవానికీ గొట్టానికీ మధ్య జరిగేది.”

“ఎవరి మధ్యైనా సరేనమ్మా. తప్పెవరిది? ద్రవానిదా, గొట్టానిదా?”

“తప్పేం లేదండీ. అది వాటి స్వభావం.”

“స్టోర్సు వాళ్లూ ఇదే చెప్పారు,” అన్నారాయన. “మీ లెక్కలో ఘర్షణ అని ఉన్న గడిలో సున్నా వేసెయ్యండి.”

గదికి తిరిగొచ్చి చాలాసేపు తటపటాయించి, చివరికి సున్నా వేసి సంతకం పెట్టింది. (సున్నా వేయడానికి అంతసేపు పట్టడం కూడా ఒక రకం ఘర్షణేనని తర్వాత ఆక్షేపణ వచ్చింది.)

సున్నా పడగానే బావులన్నీ కాగితం మీద ఉరకలేశాయి. ఊరవతలి పాత బావి మరీను. దాని నూనెలో మైనం ఎక్కువ. పైకి వచ్చేకొద్దీ నూనె చల్లబడి, మైనం గోడలకు పేరుకుని, గొట్టం సన్నబడిపోయింది. అంచేత ఆ బావి కాగితం మీద నదిలా పారుతూ, నేల మీద జలుబు చేసిన ముక్కులా కారుతోంది.

మరి తేడా చమురు ఏమైనట్టు? ఘర్షణ లేదు కనక గోడలు తినలేదు. గోడలు తినకపోతే మనిషే తినుండాలి. అక్కడ ఉన్న మనిషి ఒక్కడే, బావి ఆపరేటరు. అతను ఇంజనీరమ్మకు సొంత మేనమామ. భద్రతాధికారి అతన్ని సస్పెండ్ చేసి, ఇల్లు సోదా చేయించారు. వంటింట్లో సగం ఉన్న నూనె సీసా దొరికింది. వాసన చూసి, మూత బిగించి, సాక్ష్యంగా పట్టుకుపోయారు.

ఆ సాయంత్రం ఆమె వెళ్లేసరికి మామయ్య వాకిట్లో కూర్చుని ఉన్నాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడి లోపలికి రమ్మనలేదు.

“పక్కింటివాళ్లు పలకరించడం మానేశారే అమ్మాయ్,” అన్నాడు మామయ్య. “నిన్ను ఎత్తుకు తిప్పిన చేతులివి. దొంగ చేతులని ఎలా సంతకం పెట్టావే?”

“దొంగని రాయలేదు మామయ్యా. సున్నా అని రాశాను.”

“రెండూ ఒకటే అయ్యాయిగా! స్క్రేపర్ పంపించి గొట్టం గీకించమని ఎంతకాలంగా మొత్తుకుంటున్నాను? లోపల వేలు కూడా దూరదు.”

ఆమె కళ్లు నీళ్లతో నిండాయి. “రేపు ఆ మాటే గట్టిగా చెప్తాను.”

“గట్టిగా చెప్పకు. ఘర్షణ పడ్డావని నిన్నూ తీసేస్తారు,” అంది అత్తయ్య. అంటూనే లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేసింది.

మర్నాడు విచారణ. సామరస్యాధికారి ఆమె వైపు మెచ్చుకోలుగా చూశారు.

“ఆయన మీ మేనమామటగా? అయితే మీ లెక్క మరీ నమ్మదగిందమ్మా. సొంతవాళ్లనైనా వదల్లేదు.”

అరవాలని వచ్చిన మనిషి, ఆ మాటతో గొంతు తగ్గించింది. “సార్, లెక్కలో ఒక మంచి గుణం రాయడం మర్చిపోయానండీ. గొట్టం గోడలు ద్రవాన్ని తొందరపడనివ్వవు. వెన్నంటే ఉండి నిదానం నేర్పుతాయి. దాన్ని ‘గోడల సహకారం’ అంటారు.”

“సహకారమా!” ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. “మన దగ్గర అది ఎంత ఉంటుంది?”

“పాత బావిలో చాలా ఎక్కువండీ. తేడా అంతా అదే.”

పాత అంకె కొత్త పేరుతో లెక్కలోకి వచ్చింది. తేడా తీరింది. మామయ్యకు ఉద్యోగం తిరిగొచ్చింది, సీసా కూడా తిరిగొచ్చింది. (నూనె మాత్రం పరీక్షల్లో ఖర్చయిందట. ఎవరి ఇంట్లో పరీక్షించారో అడగలేదు.)

పనిలో పనిగా అసలు సంగతీ తేల్చేద్దామని ఇంజనీరమ్మ ఆశపడింది.

“సార్, ఆ బావికి ఒకసారి స్క్రేపర్ పంపాలండీ.”

“ఎందుకమ్మా?”

“సహకారం తగ్గించడానికి,” అని, వెంటనే నాలిక కరుచుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

“తగ్గించడమా!” ఆయన నిజంగా బాధపడ్డారు. “పెంచండమ్మా, పెంచండి!”

గోడలు సహకరించాయి. వారం వారం ఇంకొంచెం దగ్గరగా వచ్చి మరీ సహకరించాయి. ఒకరోజు మామయ్య ఫోన్ చేశాడు.

“అమ్మాయ్, ఆగిపోయిందే.”

“చుక్క కూడా రావట్లేదా?”

“ఊహూ. చెవి పెట్టి విన్నాను, నిశ్శబ్దం.”

ఆమె ఫోన్ పెట్టేసి లెక్క ముందు కూర్చుంది. కదలని ద్రవానికి రాపిడి ఉండదు. ఘర్షణ గడిలో మళ్లీ సున్నా వేసి, పక్కన ‘బావి దగ్గర సరిచూసినది’ అని రాసింది. ఈసారి తటపటాయించలేదు, ఎందుకంటే అది నిజం. దుఃఖం మాత్రం ఆగలేదు.

ఆ కాగితం చూసి సామరస్యాధికారి లేచి నిలబడ్డారట. సంస్థ చరిత్రలో ఘర్షణ పూర్తిగా అంతరించిన తొలి బావిగా దాన్ని ప్రకటించి, ఇంజనీరమ్మకూ మామయ్యకూ సభలో జ్ఞాపికలు ఇచ్చారు. మిగతా బావులన్నీ ఏడాది తిరిగేలోగా ఆ స్థాయికి చేరుకోవాలని, చేరుకోని బావుల ఆపరేటర్ల నుంచి సంజాయిషీ తీసుకోవాలని ఉత్తర్వు వచ్చింది.