మాలకొండమ్మ గడపకు గుమ్మడికాయ

ఆ ఉదయం పెంచలయ్య పెట్టుకున్న పని చిన్నది. బావి దగ్గరి పాకలో వేలాడుతున్న తేనెపట్టుకు పొగపెట్టి, ఈగల్ని తోలేసి, ఎండ ఎక్కకముందే గుమ్మడి పాదులకు నీళ్లు కట్టాలి. ముందురోజు ఒక ఈగ ఆయన భార్య ఆదిశేషమ్మ చెవి మీద కుట్టింది. చెవి బూరెలా ఉబ్బింది. ఆ పట్టు ఉన్నంతకాలం చేలో అడుగు పెట్టనని ఆమె తేల్చి చెప్పింది.

సీతారామపురం పక్కనున్న ఆ చేను పెంచలయ్యకు ఆ ఏడు పంటకంటే ఎక్కువ. నాయన పోయినప్పుడు పాలావు ఎవరికన్న మాట మీద ఆయనకూ చెల్లెలు మాలకొండమ్మకూ చెడింది. ఏళ్ల తరబడి రాకపోకలు లేవు. ఇప్పుడామె ఆత్మకూరులో ఇల్లు కట్టుకుని, గృహప్రవేశం నాడు గడపలో కొట్టే గుమ్మడికాయ అన్న చేలోదే కావాలని, అన్నే తెచ్చి కొట్టాలని కబురు పంపింది. పెంచలయ్య లేచి వెళ్లి చేనంతా గుమ్మడి గింజలే పెట్టాడు.

పొగకు ఈగలు లేచిపోయాయి. పాదులు విరగబూశాయి. కానీ ఆడపూల కింద గోళీలంత పిందెలు పండుబారి రాలిపోసాగాయి. నీళ్లు చాలలేదనుకుని తడి పెంచాడు. రాలాయి. ఎక్కువయ్యాయనుకుని ఆపేశాడు. అప్పుడూ రాలాయి. చివరకు తప్పంతా మగపూలదని తేల్చాడు. కాయ కాయకుండా తీగ బలమంతా అవే తాగుతున్నాయని, మొగ్గలతో సహా తుంచి, గంపలకెత్తి పక్కచేను హజరాబీ మేకలకు వేశాడు. మేకలు మాత్రం బాగుపడ్డాయి.

హజరాబీ పందిరికి సొరకాయలు బారులు తీరి వేలాడుతున్నాయి. అదే గాలి, అదే నేల. ఆమె చూపు మంచిది కాదేమోనన్న అనుమానం ఆదిశేషమ్మకు వచ్చింది. పెంచలయ్యకు వద్దనే ఓపిక లేకపోయింది. పందిరి వైపు మొహం పెట్టి గడ్డితో దిష్టిబొమ్మ నిలబెట్టారు. అది తనకు చెడు కోరి పెట్టిందేనని హజరాబీ అనుకుంది. మేకలు అలాంటివేమీ అనుకోకుండా బొమ్మను నడుముదాకా మేసేశాయి. దాంతో రెండు చేల మధ్య మాటలు ఆగిపోయాయి.

రాలిన పిందెల్ని చూసి చూసి చివరకు హజరాబీయే గట్టు దాటి వచ్చింది.

"పెంచలన్నా, మొగపూలన్నీ నా మేకలకే పెడితివే. ఇంక కాయ యాడ నుంచి వస్తాది?"

"నీ సొర కాస్తా ఉండాదే. ఈగలు నీకూ లేవు గదా."

"నా సొర సందేళ పూస్తాది. పొద్దు గూకంగానే రెక్కపురుగులొచ్చి వాల్తాయి. నీ గుమ్మడి తెల్లారి పూసి, ఎండెక్కితే ముడుచుకుంటాది. దానికి తేనెటీగ రావాల. నువ్వు దాన్నే తోలేసినావు."

పెంచలయ్య గట్టు మీద కూలబడ్డాడు. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వు నడుమ చేత్తో అద్దినా కాయ నిలుస్తుందని, ఉదయగిరిలో వాళ్లమ్మ అలాగే చేసేదని హజరాబీ ధైర్యం చెప్పింది. కానీ చేలో ఒక్క మగపువ్వూ లేదు. గృహప్రవేశం చూస్తే దగ్గర పడుతోంది.

మర్నాడు తెల్లవారుతుండగా ఆయన ఊరవతల కొండలయ్య గుమ్మడి చేలో దిగాడు. అక్కడ పూలన్నీ సందడిగా ఉన్నాయి. తేనెటీగలు ఒళ్లంతా పసుపు పూసుకుని పువ్వు నుంచి పువ్వుకు తిరుగుతున్నాయి. నల్ల తుమ్మెద ఒకటి దూరితే పువ్వే వంగిపోయింది. ఎర్ర పెంకుపురుగులు మాత్రం ఏ పనీ పెట్టుకోకుండా రేకులు కొరుకుతున్నాయి. పెంచలయ్య నాలుగు మగపూలు కోసి, ఈ సందడి చూస్తూ మైమరచి ఉండగా కొండలయ్య వచ్చి భుజం పట్టుకున్నాడు.

కాయలు దొంగిలిస్తే కొండలయ్యకు అర్థమయ్యేది. చీకటితో వచ్చి పూలు కోసేవాడు చేతబడికి కాక మరెందుకు కోస్తాడు? ఆయన పెంచలయ్యను పూలతో సహా ఊరి పెద్దల ముందుకు లాక్కుపోయాడు. పెద్దలు నిదానంగా విచారిస్తామన్నారు. పొద్దెక్కితే పూలు ముడుచుకుంటాయని పెంచలయ్య చేతులు జోడించాడు. చివరకు అందరూ ఆయన చేనుకే నడిచారు.

పెంచలయ్య మోకాళ్ల మీద కూర్చుని మగపువ్వు రేకులు వలిచి, ఆడపువ్వుకు మెల్లగా అద్దాడు. ఎవరూ నవ్వలేదు. పెద్దాయన ఒకరు తలపాగా కూడా తీశారు.

"అంటే పెండ్లికొడుకు మావోడా?" అన్నాడు కొండలయ్య.

"మీవోడే" అన్నాడు పెంచలయ్య.

ఆ మాటతో తగాదా తీరింది. అద్దిన వాటిలో నిలిచింది ఒక్కటే. పెంచలయ్య దానికింద గడ్డి పరిచాడు, ఎండకు ఆకులు కప్పాడు, కుక్క మొరిగితే పరుగెత్తాడు. అది బిందెంత అయ్యాక తువ్వాలులో చుట్టి, ఆత్మకూరు దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

గృహప్రవేశం నాడు పురోహితుడు కానిమ్మన్నాడు. పెంచలయ్య కాయను తలపైకెత్తాడు. చేతులు కిందికి రాలేదు.

"మాలకొండా, దీన్ని పగలగొట్టడం నా వల్ల కాదమ్మా."

చెల్లెలు ఆయన్ను ఎగాదిగా చూసింది. "పాలావును గూడా నువ్వే ఉంచుకుంటివి. ఇప్పుడు గుమ్మడికాయ గూడానా?"

పెంచలయ్య తల దించుకుని, ఆవు విషయంలో తప్పు తనదేనన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని, బజారుకు మనిషిని పంపింది.

అన్న తెచ్చిన కాయను ఆ మధ్యాహ్నం కత్తిపీట ముందు కూర్చుని ఆమే మెల్లగా కోసి, బెల్లం వేసి పులుసు పెట్టింది. కోసేటప్పుడు పెంచలయ్య మొహం తిప్పుకున్నాడు. తినేటప్పుడు మాత్రం రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

గడపలో పగిలింది అంగడి కాయ. దాని పువ్వు మీద ఏ పురుగు వాలిందో ఎవరూ అడగలేదు.