ఎర్రదారం పొట్లం

అనుమసముద్రంపేట దర్గా వీధిలో దర్జీ ఖలీలుల్లా ఆ ఉదయం అనుకున్న పని ఒక్కటే: చేజర్ల రామనారాయణ లాల్చీ కత్తిరించడం. కొలతలు రాసుకునే అలవాటు ఆయనకు లేదు. నలభై ఏళ్లుగా అన్నీ తలలోనే. ఈ మధ్య జారిపోతున్నాయి. ఇంకో గుడ్డ చెడితే మిషను అమ్మేస్తానని కొడుకు షఫీ తేల్చి చెప్పాడు.

ఫ్రిజ్‌లో ఖలీలుల్లాకు రెండు పొట్లాలు కనిపించాయి. "ఏందమ్మా ఇవి?"

నెల్లూరు కాలేజీలో పరిశోధన చేసే మనవరాలు ముబషిరా బ్యాగు సర్దుకుంటూ చెప్పింది. "ఎర్రదారం కట్టింది నికోటినమైడ్, దాదా. ఒకరకం బి విటమినే. నరాల కణానికి దెబ్బ తగిల్తే లోపలుండే ఎంజైము రిపేరు చేస్తా చేస్తా కణం బలమంతా తినేస్తాది. ఇది దాన్ని ఆపుతాది. ఎలుకల్లో చూస్తా ఉండాము. తెల్లదారంది ఉత్త గ్లూకోజు, పోలిక చూసేదానికి."

ఖలీలుల్లా నోరు తెరిచాడు. "చిరుగుకి మాసికేసేదానికి చొక్కా అంతా కత్తిరించే దర్జీ చెయ్యి పట్టుకునేదన్నమాట! ఇంత పొడికి అంత తెలివుండాదా?"

ఆమె స్నానానికి వెళ్లగానే ఆయన ఫ్రిజ్ తెరిచాడు. ఏ దారమో అప్పటికే మరిచిపోయాడు. చేతికందిన పొట్లం విప్పి, బిస్మిల్లా అని చిటికెడు నాలిక మీద వేసుకున్నాడు.

అంతలో రామనారాయణ గుడ్డతో అంగడి మెట్లెక్కాడు. "గుర్తుండాయా భాయ్? టేపు తీస్తావా?"

"కాలరు పదహారు, ఛాతీ నలభై రెండు, చెయ్యి ఇరవై మూడున్నర, కుడిభుజం అరంగుళం దిగుడు!"

ఖలీలుల్లా నాలిక చప్పరించి, చేతిలోని పొట్లం వైపు చూసుకున్నాడు. రామనారాయణ అరచెయ్యి చాచాడు. "ఏం తిన్నావో నాకూ పెట్టు!"

పేటలో పెద్దాయన ఎవరి అరచేతిలోనైనా తెల్లపొడి పెట్టాడంటే అది దర్గా ప్రసాదం, తబర్రుకే. ఏమిటని ఎవరూ అడగరు, చేతులు చాస్తారు. లేదనడం తప్పు. యాత్రికులు, ఆటోవాళ్లు వరస కట్టారు. డ్రైవర్ యూనుస్ బస్సు ఆపి మరీ దిగాడు. వెనక లారీలు ఆగి హారన్లు కొట్టాయి. కారణం తెలియగానే వాళ్లూ దిగారు. పొట్లం ఖాళీ.

ముబషిరా తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చింది. "దాదా! నా ఆర్నెల్ల పని!" అంతలో ఆయన వేలికి చుట్టుకున్న దారం చూసింది. తెల్లది. కూలబడి నవ్వింది. "నువ్వు తినింది గ్లూకోజు. కొలతలు నీ తలలోవే."

ఖలీలుల్లా అద్దంలో తన తలను కొత్త మనిషిని చూసినట్టు చూసుకున్నాడు. "ఇవన్నీ... నాలోనే ఉండాయా?"

గుమ్మంలో నిలబడి విన్న షఫీ లోపలికొచ్చాడు. మిషనుకు నూనె వేశాడు.

మోకాలి నొప్పి పోయిందంటూ జనం ఇంకా వస్తూనే ఉన్నారు. వాళ్ల మధ్యనుంచే ముబషిరా బ్యాగులో ఎర్రదారం పొట్లం బస్సెక్కిపోయింది. దానికి మాత్రం ఎవ్వరూ చెయ్యి చాచలేదు.