బీరువాలో బోర్డు

దశాంశాలను నత్తనడకన లెక్కపెట్టే కంప్యూటరే దేశానికి మేలు చేసే కంప్యూటర్! నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా రాస్తున్నాను.

బెజవాడలో కాలవ నీళ్ళ వంతులు తేల్చే ఓ ఆఫీసుకి పోయిన ఏడు, అంటే డెబ్బయ్ ఏడులో, కంప్యూటర్ వచ్చింది. రెండూ రెండూ నాలుగని రెప్పపాటులో చెబుతుంది. రెండున్నరని మూడుంబావుతో హెచ్చవేయమంటే మాత్రం దానికి చేతకాదు. అందుకు లోపల వేరే సర్క్యూట్ బోర్డు తగిలించాలట. అది లేకపోతే? ఆపరేటింగ్ సిస్టమ్ అనే పెద్దమనిషి లోపల ఉన్నాడు. ఆ లెక్కని పక్కకి లాగి ఓ ప్రోగ్రాముకి అప్పగిస్తాడు. అది ఒక్క గుణకారాన్ని బోలెడు చిన్న చిన్న కూడికలుగా విడగొట్టి ఓపిగ్గా చేసుకొస్తుంది. జవాబు అచ్చం బోర్డు చెప్పినట్టే ఉంటుంది. దీన్ని ఎమ్యులేషన్ అంటారు. లేమి బయటపడకుండా సంసారం నెట్టుకొచ్చే ఇల్లాలిని మనం మెచ్చుకోమూ?

పైగా ఎంత తీరిక! ఒక్క లెక్క తేలేలోగా ఆపరేటర్ రమాసుందరి గారు స్వెట్టర్ అల్లేశారు. బెజవాడలో స్వెట్టరేమిటని అడక్కండి. మెషీన్ గదికి ఎయిర్‌కండిషన్ ఉంది. ఆ చల్లదనం కోసం నేనూ రోజూ పేపరు పట్టుకుని అక్కడికే వెళుతున్నాను.

నిజానికి బోర్డు మార్చిలోనే వచ్చింది. ఆఫీసరు అచ్యుతరామారావు గారు దాని పెట్టెకి కుంకుమబొట్టు పెట్టి, బీరువాలో ఉంచి తాళం వేశారు.

"మెషీన్‌కి పెడితే గంటలో తేలిపోతుందండీ" అన్నారు రమాసుందరి గారు.

"వాడితే పాడైపోదుటమ్మా? ఇన్‌స్పెక్షన్‌కి వస్తే ఏం చూపిస్తాం?" అన్నారాయన.

ఎంత ముందుచూపు! పింగాణీ కప్పులు చుట్టాల కోసం దాచి, మనం సత్తు గ్లాసుల్లో కాఫీ తాగడంలేదూ?

జూలైలో కంకిపాడు అవతలనుంచి లాజరు అనే కౌలురైతు వచ్చాడు. కాలవ చిట్టచివర ఎకరన్నర. నారుమడి నెర్రెలిచ్చింది. ఏ తూముకి ఏ రోజు నీళ్ళో కంప్యూటర్ చెప్పాలి. అది చెప్పేదాకా గేటు ఎత్తరు.

"ఇంకెన్నాళ్ళండీ? నారు ఎర్రబడిపోతందండీ" అన్నాడు.

"ఆరు దశాంశ స్థానాల దాకా సరిగ్గా రావాలయ్యా! తొందరపడితే ఎలా?" అన్నారు ఆఫీసరు గారు.

తొమ్మిదోనాడు కాగితం బయటికొచ్చింది. ఆరు స్థానాల్లో ఒక్క అంకె తప్పులేదు. లాజరు తూముకి నీళ్ళు వదలవలసిన రోజు, పోయిన మంగళవారం.

"నారు మాడిపోయిందండీ. నిన్ననే గేదెలకి వేసేశాను" అన్నాడు లాజరు. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మాకందరికీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. నాకు సిగ్గేసింది.

ఆపరేటింగ్ సిస్టమ్‌ని నేను ఒక్క మాట అనను. పాపం, బోర్డు ఉన్న సంగతి దానికి తెలియదు. ఆఫీసరు గారికి తెలుసు. నాకూ తెలుసు. తెలిసే, తొమ్మిది రోజులూ అక్కడ చల్లగా కూచుని పేపరు చదివాను.