ముసుగు వెనక బ్యానరు

పల్నాడులో షుగరున్న ఏ ఒక్కరి కన్నూ ఇకపై మసకబారడానికి వీల్లేదని ఎమ్మెల్యే అమరేశ్వరరావుగారు ప్రకటించారు. మర్నాటికల్లా ఆయన ఫొటో అతికించిన విటమిన్ డబ్బాలు నరసరావుపేట కల్యాణమండపం ముందు లారీలోంచి దిగాయి. ప్రజల కోసమైతే ఆయన నిద్రపోరు.

మొదటి లబ్ధిదారుడు గోడల మీద పేర్లు రాసే హబీబుల్లా. పన్నెండేళ్ల షుగరు. ఎడమ కన్ను పోయినట్టే, కుడికంట్లో నల్లచుక్కలు. ఈ నెలలో లేజర్ చేయకపోతే అదీ దక్కదని డాక్టరమ్మ చెప్పిన దగ్గర్నుంచి అతనికి భయం పట్టుకుంది. పెద్దాసుపత్రి లేజర్ లిస్టులో అతనిది మూడో నంబరు.

"బిళ్ళలిస్తే తీసుకో. లేజర్ సంగతి మాత్రం అడక్కుండా రామాక," అని భార్య సబీహా చెప్పి పంపింది.

అడిగాడు.

"కంట్లో లేజర్ కొట్టించుకోవటం ఏంది భాయ్? మనది లోపల్నించి వచ్చే బలం," అంటూ అమరేశ్వరరావుగారు స్వహస్తాలతో బిళ్ళ మింగించారు. మైకు అందించారు. "ఇప్పుడు ఆ బ్యానరు చదువు."

హబీబుల్లాకి అంతా పొగమంచు. కానీ అంత పెద్దమనిషిని నలుగురిలో చిన్నబుచ్చలేకపోయాడు. పైగా ఇరవై ఏళ్ళుగా ఆ పేరు రాస్తున్నవాడు.

"పల్నాడు ముద్దుబిడ్డ, పేదల పెన్నిధి అమరేశ్వరరావుగారికి స్వాగతం సుస్వాగతం," అని గడగడా చదివేశాడు.

చప్పట్లు. ముందు వరసలో ఒకావిడ, "బ్యానరు మీద ముసుగు ఇంకా తీయలేదు గదయ్యా," అంది.

అమరేశ్వరరావుగారు వెనక్కి తిరిగి ముసుగు చూశారు.

"ముసుగు వెనక ఉన్నది గూడా కనపడతంది. ఒక్క బిళ్ళకే!" అన్నారు.

ఈసారి చప్పట్లు చానాసేపు ఆగలేదు. ఆ సందట్లో లేజర్ లిస్టు చూసే ఆఫీసరు గోపాలకృష్ణయ్యగారు ఒక కాగితం తెచ్చి, హబీబుల్లా వేలు పట్టుకుని చోటు చూపించి సంతకం చేయించుకున్నారు. నకలు చేతిలో పెట్టారు.

"ఏంది సార్ ఇది?"

"చదువుకో. చూపొచ్చిందిగా."

ఇంటికెళ్ళి సబీహాకిచ్చాడు. ఆమె గడపలో నిలబడి పైకి చదివింది.

"నాకు చూపు పూర్తిగా వచ్చినందున, లేజర్ లిస్టులోని నా మూడో నంబరును, షుగరు వల్ల చూపు తగ్గుతున్న శ్రీ అమరేశ్వరరావుగారికి ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను."