ధనంజయ ఒంటరిగా కొండెక్కిన వైనం

శుక్రవారం సాయంత్రం లోకేశ్వరి సంచి సర్దుతూ ఉంది. సంచి ధనంజయది, ప్రయాణం ధనంజయది, ఎక్కాల్సిన మోకాళ్ళు కూడా ధనంజయవే. సర్దడం మాత్రం లోకేశ్వరిది. ఆ ఇంట్లో ఎవరు ఎక్కడికి బయలుదేరినా సంచి ఆమే సర్దాలి. ఇంకొకరు సర్దిన సంచి క్షేమంగా తిరిగొస్తుందని ఆమెకు నమ్మకం లేదు.

అడుగున పంచె, తువ్వాలు, దుప్పటి. వాటి మీద మూడు గిన్నెల స్టీలు క్యారియరు. ఒకదానిలో పులిహోర, ఒకదానిలో పెరుగన్నం, ఒకదానిలో వడలు. క్యారియరు పక్కన టార్చిలైటు, విజిల్, మంకీ క్యాపు, మోకాళ్ళకు రాసుకునే నూనె. అన్నిటికంటే పైన ఒక కారప్పొడి పొట్లం.

"కారప్పొడి దేనికి మే?" అన్నాడు ధనంజయ.

"చిరుత వస్తే కండ్లల్లో కొట్టేదానికి."

"కండ్లల్లో కొట్టాలంటే అది నా దగ్గరికి రావాల గదా."

"వస్తే కొట్టు. రాకుంటే పెరుగన్నంలో నంజుకో."

ధనంజయ ఇరవై తొమ్మిదేళ్ళు తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు నడిపాడు. ఏ మలుపులో ఏ రాయి ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. చేతిలో స్టీరింగు ఉంటే అంత ధైర్యవంతుడు జిల్లాలో లేడు. స్టీరింగు లేకపోతే మాత్రం బాత్రూంలో బల్లికి దారి ఇచ్చి, అది పోయేదాకా బయట నిలబడతాడు.

అలాంటి మనిషిని వారం కిందట ఒక పొద్దున వాకింగులో మునిశేఖర్ అనే స్నేహితుడు రెచ్చగొట్టాడు. "అప్పా, ఊరు ఊరంతా కొండెక్కిచ్చినావు. నీ కాళ్ళను ఒక్కసారన్నా ఎక్కిచ్చినావా?" అన్నాడు. పదిమంది నవ్వారు. ధనంజయ నోరు ధనంజయ అనుమతి లేకుండా తెరుచుకుంది. "వచ్చే శనివారం ఎక్కుతా. ఒక్కన్నే" అనేసింది.

ఇంటికొచ్చాక ఆ నోరే లోకేశ్వరిని బతిమాలింది. "నువ్వు కూడా రాకూడదా?"

"ఇల్లు?" అంది లోకేశ్వరి.

ఆ ఒక్క మాటతో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ ఇంట్లో ఎన్నో ప్రయాణాలు ఆగిపోయాయి. తిరుపతి కొర్లగుంటలోని ఆ ఇంటికి తాళం లేదు. ఎవరో ఒకరు ఎప్పుడూ ఇంట్లో ఉండాల్సిందే. సినిమాకు ఆయన మ్యాట్నీకి వెళ్తే ఆమె ఫస్ట్ షోకి వెళ్ళేది. పెళ్ళిళ్ళకు ఆయన తాళిబొట్టు చూసి వచ్చేవాడు, ఆమె భోజనం చూసి వచ్చేది. సొంత కూతురి పెళ్ళి ఇంటి ముందు వీధిలోనే పందిరి వేసి చేశారు. ఎందుకమ్మా ఇంత అవస్థ అంటే పాలు పొంగుతాయనేది, గ్యాసు వస్తుందనేది, పిల్లి దూరుతుందనేది. గట్టిగా అడిగితే, "ఎవురన్నా వస్తే?" అనేది.

ఎవరని ధనంజయ ఏనాడూ అడగలేదు. ఆయనకు తెలుసు.

తను వెళ్ళదు. ఆయన ఒంటరిగా వెళ్ళడానికి ఆమె మనసు ఒప్పదు. కాబట్టి ఆయన్ని ఆపాలి. వద్దంటే మగవాళ్ళు ఆగరు కాబట్టి భయపెట్టాలి. ఇదీ లోకేశ్వరి వేసిన పథకం.

ధనంజయ పాత క్యాలెండరు కాగితం వెనక రెండు గళ్ళు గీశాడు. ఒక గడిలో అలిపిరి, రెండో గడిలో శ్రీవారి మెట్టు. కొండకు నడిచిపోయే దారులు ఆ రెండే.

"అలిపిరి దోవలో చిరుత తిరుగుతా ఉండాదంట" అంది లోకేశ్వరి బియ్యం ఏరుతూ.

ధనంజయ అలిపిరి కొట్టేశాడు. "అట్లయితే శ్రీవారి మెట్టే. మెట్లు తక్కువ."

"తక్కువంటే ఊరికే తక్కువా? ఒక్కో మెట్టూ నీ మోకాలంత. ఎవురో పెద్దాయన ఎక్కినాక కాలు వంగక వారం దినాలు నిలబడే నిద్రపోయినాడంట."

ధనంజయ అదీ కొట్టేశాడు. కాగితం మీద ఇక దారి మిగల్లేదు. లోకేశ్వరి ప్రశాంతంగా బియ్యం కడగడానికి లేచింది.

కానీ రెండు రోజులు ఆలోచించి ఆయన మళ్ళీ వచ్చాడు. "రెండు దోవల్లోనూ భయమే అయినప్పుడు, తొందరగా అయిపోయే భయం మేలు గదా. శ్రీవారి మెట్టే."

శ్రీవారి మెట్టు వైపు లోకేశ్వరికి తెలిసిన ప్రాణి లేదు. అలిపిరి వైపైతే మొదటి మెట్టు దగ్గర టెంకాయలు అమ్మే కుప్పమ్మ ఆమె చిన్నమ్మ కూతురు. పైన గాలిగోపురం దగ్గర టీ కొట్టు కుప్పమ్మ కొడుకు మునికుమార్‌ది. ఎక్కేవాడు ఎక్కినా, కనీసం మనవాళ్ళ కళ్ళ ముందు ఎక్కాలి.

మరుసటి రోజు కాఫీతో పాటు కొత్త సమాచారం అందించింది. "ఆ చిరుతను పట్టేసినారంట."

"ఎప్పుడు?"

"పొద్దన్నే."

"పేపర్లో రాలేదే."

"పట్టినోళ్ళు పేపరోళ్ళకు చెప్పలేదంట."

"నీకు చెప్పినారా?"

"పాలాయనకు చెప్పినారు."

బస్సులో టికెట్టు లేని ప్రయాణికుణ్ణి అద్దంలోంచి చూసే చూపు ఒకటి ధనంజయకు ఉండేది. ఆ చూపు చూసి, "సరే, అలిపిరే" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే లోకేశ్వరి అనుమానించి ఉండాల్సింది. కానీ ఆమె అప్పటికే కుప్పమ్మకు ఫోను చేయడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది.

జనంలో ఆయన తప్పిపోకుండా గుర్తు కావాలి. నగరిలో కొన్న చిలకపచ్చ గుడ్డతో కుట్టించిన చొక్కా ఒకటి పెట్టెలో ఉంది. ధనంజయ దాన్ని ఒక్కసారే వేసుకున్నాడు. ఆ రోజు ఒక మేక చాలా దూరం వెంట వచ్చింది. శనివారం తెల్లవారుజామున అదే చొక్కా తొడిగి, సంచి చేతికిచ్చి, వీధి చివర ఆటో మలుపు తిరిగేదాకా గడపలో నిలబడింది. తిరిగాక కూడా కాసేపు నిలబడింది.

ఆరున్నరకు కుప్పమ్మ ఫోను. "అక్కా, బావ వచ్చినాడు. సంచి కౌంటర్లో ఇచ్చేసినాడు."

"సంచి ఎందుకిచ్చినాడే?"

"నడిచేటోళ్ళ సంచులు వ్యాన్లో పైకి పోతాయి గదా. పైన తీసుకుంటారు."

టార్చిలైటు, విజిల్, కారప్పొడి హాయిగా వ్యాన్లో కూర్చుని కొండెక్కుతున్నాయి. చిరుత వ్యాన్లోనే ఎదురుపడితే తప్ప వాటికి పని లేదు.

"ఆయప్ప మెట్లెక్కినాడా?"

"ఎక్కినాడక్కా. పచ్చగా పోతా ఉండాడు."

ఏడున్నరకు లోకేశ్వరి గాలిగోపురానికి ఫోను చేసింది. ఇంకా రాలేదన్నాడు మునికుమార్. ఎనిమిదికి చేసింది. రాలేదు. ధనంజయ ఫోను స్విచ్ఛాఫ్. ఎనిమిదింపావుకు పొయ్యి మీద పాలు పొంగాయి. ఎనిమిదిన్నరకు మళ్ళీ పొంగాయి. ఎనిమిది నలభైకి మునికుమారే చేశాడు.

"పెద్దమ్మా, పచ్చ చొక్కా వచ్చింది."

"నా తండ్రే. ఏమంటాడు పెదనాయన?"

"పెదనాయన రాలేదు. చొక్కా వచ్చింది."

"సరిగ్గా చెప్పరా."

"చొక్కాలో ఇంకెవురో ఉండారు పెద్దమ్మా. కాణిపాకం ఆయనంట. పొట్ట పట్టక మూడు గుండీలు తీసేసినాడు."

"అది నీకెట్లా వచ్చిందప్పా అని అడగరా."

"అడిగినా. కింద ఒక పెద్దాయన ఇచ్చినాడంట. నాకింక దీంతో పని లేదు, నువ్వేసుకో అన్నాడంట."

లోకేశ్వరి ఫోను పొయ్యి గట్టు మీద పడేసి కేక పెట్టింది. కేక విన్నదో, పాలు మాడిన వాసన పీల్చిందో, ఎదురింటి జెస్సీ పరుగున వచ్చింది. జెస్సీ టైలరు. మెడలో టేపు అలాగే ఉంది.

"పో అక్కా. ఇంట్లో నేను కూర్చుంటా."

లోకేశ్వరి గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చింది. "ఎవురన్నా వస్తే?"

"కూర్చోబెడతా. కాఫీ ఇస్తా. నువ్వొచ్చేదాకా పోనీయను."

"నీకు మొగం తెలవదే."

"పేరు అడుగుతాలే అక్కా. ఏ పేరు చెప్పినా కూర్చోబెడతా."

ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి, మొగుడూ పెళ్ళామూ ఒకేసారి ఆ ఇంటి బయట ఉన్నారు. ఆటోలో కూర్చున్నాక చూసుకుంటే ఆమె ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి ధనంజయ చెప్పు ఉన్నాయి. ఏడవడానికి అంతకంటే మంచి కారణం దొరకలేదు కనుక ఆ చెప్పును చూసి ఏడ్చింది.

అలిపిరిలో ఆటో దిగి, కుప్పమ్మ కొట్టు వైపు పరిగెత్తింది. కొట్టు ముందు బెంచీ మీద, తనలాంటి వాళ్ళు ఇద్దరు పట్టే తెల్ల చొక్కాలో, ధనంజయ కూర్చుని ఉన్నాడు. పక్కన రెండు గ్లాసుల టీ.

"తొమ్మిదింపావుకు వస్తావనుకొన్యా" అన్నాడు వాచీ చూసుకుని. "ఐదు నిమిషాలు లేటు."

లోకేశ్వరి ముందు ఆ చొక్కానూ, తర్వాత రెండు గ్లాసులనూ చూసింది.

"టీ ఆరిపోతాది, తాగు."

ఆమె టీ తాగలేదు. టెంకాయల కుప్ప వెనక నక్కుతున్న చీర కొంగును చూసింది. "కుప్పీ, పచ్చగా పోతా ఉండాడంటివే."

"పోయినాడక్కా" అంది కుప్పమ్మ టెంకాయల వెనక నుంచే. "పది మెట్లు పోయినాడు. మళ్ళా దిగినాడు. దిగినాడా అని నువ్వు అడగలేదు గదా."

"చిరుత సంగతి పాలాయనకు మాత్రమే తెలిసినప్పుడే అనుకొన్యా" అన్నాడు ధనంజయ, "ఈ దోవలో మనోళ్ళను నా మీద కాపలా పెడతావని."

"చొక్కా ఎవురికో ఇచ్చి నన్ను అంత భయపెడతావా?"

"ఊరికే ఇయ్యలేదు. ఆయనకు నచ్చింది. ఆ చొక్కా నచ్చిన మనిషిని నేను మళ్ళా సూడబోను."

లోకేశ్వరి నవ్వలేదు. ధనంజయ గొంతు తగ్గించాడు. "భయపెట్టాలని కాదు లోకా. భయం నాకే. ఒక్కన్నే ఎక్కలేను. పిలిస్తే నువ్వు రావు. ఇంకెట్లా రప్పిచ్చుకోవాల?"

"ఇల్లు?"

"జెస్సీ ఉండాది గదా. నిన్ననే చెప్పి పెట్టినా."

జెస్సీ అంత తొందరగా ఎలా వచ్చిందో ఇప్పుడు అర్థమైంది. తను పెట్టిన గూఢచారులందరూ తన మీదే పనిచేశారు. లోకేశ్వరి కొంగు బిగించింది. "నేను ఇంటికి పోతా ఉండా."

"పో. సంచి పైకి పోయింది. క్యారియరు కూడా పైనే ఉండాది."

రెండు అడుగులు వేసిన లోకేశ్వరి ఆగింది. మూడు గిన్నెల క్యారియరు. మూత మీద ఆమె పేరు చెక్కించి పుట్టింటివాళ్ళు ఇచ్చింది.

"పోయి తెచ్చుకో" అంది.

"ఒక్కన్నే పోలేనని ఇప్పుడే చెప్తి గదా."

లోకేశ్వరి రెండు రకాల చెప్పులనూ కుప్పమ్మ కొట్టు కింద విసిరేసి, మెట్లకు దండం పెట్టి, ఎక్కడం మొదలుపెట్టింది.

తనను తను ఆపుకుంటే తప్ప అలిసిపోని మనిషి లోకేశ్వరి. వంద మెట్లకే ధనంజయ బస్సు బ్రేకులాగా శబ్దం చేయడం మొదలుపెట్టాడు. రెండు వందల మెట్లకు ఆయన చెయ్యి ఆమె భుజం మీదికొచ్చింది. ప్రతి మజిలీలో ఆయన కూర్చున్నప్పుడల్లా ఆమె జెస్సీకి ఫోను చేసింది. ఎవరన్నా వచ్చినారా అంటే ఎవరూ రాలేదని జెస్సీ చెప్పింది. గాలిగోపురం దగ్గర మునికుమార్ ఇచ్చిన టీ తాగుతూ వాణ్ణి తిట్టింది, టీ బాగుందని మళ్ళీ ఒకటి తాగింది. అక్కడి నుంచి దారి చదునుగా ఉంది. చెట్ల నీడ ఉంది, చల్లటి గాలి ఉంది. తీగల కంచె అవతల జింకలు తలెత్తి చూశాయి. మోకాళ్ళ పర్వతం దగ్గర మెట్లు నిటారుగా లేచాయి. ధనంజయ అక్కడే కాపురం పెడతానన్నాడు. ఆమె మునికుమార్ దగ్గర అడిగి తెచ్చిన తువ్వాలు ఆయన నడుముకు చుట్టి, రెండు కొసలూ పట్టుకుని లాగింది. చూసినవాళ్ళు అదొక మొక్కు అనుకున్నారు.

పైన సంచి చేతికి వచ్చాక గానీ లోకేశ్వరికి గుర్తు రాలేదు. గాలిగోపురం తర్వాత జెస్సీకి ఒక్కసారి కూడా ఫోను చేయలేదు.

దర్శనం క్యూ పొడవు చూసి, గోపురానికి బయటి నుంచే దండం పెట్టి, ఎండలో ఒక మండపం అరుగు మీద కూర్చుని ఇద్దరూ క్యారియరు విప్పారు. ధనంజయ అడిగి మరీ పెరుగన్నంలో కారప్పొడి నంజుకున్నాడు. బస్సులో దిగేటప్పుడు ప్రతి మలుపుకూ డ్రైవరుకు వినపడకుండా తప్పులు పట్టాడు. ఆమె వినలేదు. వీధి ఎప్పుడొస్తుందా అని కిటికీ చువ్వలు పట్టుకుని కూర్చుంది.

సాయంత్రం ఐదింటికి ఇంటికి చేరారు. జెస్సీ వాకిట్లో కుర్చీ వేసుకుని జాకెట్టుకు చేతికుట్టు వేస్తోంది. తలుపు బార్లా తెరిచి ఉంది.

"ఎవురన్నా వచ్చినారా?"

"గ్యాసు వచ్చిందక్కా. ఇంకెవురూ రాలే."

లోకేశ్వరి లోపలికి వెళ్ళి క్యారియరు కడిగి బోర్లించింది. కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని కూర్చున్న మొగుడి దగ్గరికొచ్చి, "వచ్చే నెల శ్రీవారి మెట్టు ఎక్కుదాం" అంది.

ధనంజయ నీళ్ళలోంచి కాళ్ళు తీశాడు. "ఆడ మెట్లు మోకాలంత ఉంటాయంటివే."

"నాకేం తెలుసు? నేనేమన్నా సూసినానా?" అని జెస్సీ వైపు తిరిగింది. "రెండో శనివారం ఖాళీ పెట్టుకో మే. పొద్దన్నే పోతాం." వచ్చేవాడి మొహం ఎలా ఉంటుందో కూడా చెప్పింది. పొడగరి, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ, నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి.

లోకేశ్వరి తమ్ముడు రామచంద్ర, 1994 ఆగస్టు 12, శుక్రవారం ఉదయం ఏడు గంటలకు, నగరి దాకా పోయి సాయంత్రానికి వస్తానని ఆ ఇంటి నుంచి వెళ్ళాడు. తిరిగి రాలేదు.