ఒక్కడికి నాలుగు సీట్లు

విమానం టికెట్టు ధర గంటకోసారి మారడం ఈ కాలపు మనిషికి దక్కిన మహాభాగ్యం! ఈ మాట అన్నందుకు నా మీద విరుచుకుపడేవాళ్లు చాలామందే ఉంటారని తెలుసు. పడండి. కానీ ముందు నేను చెప్పేది పూర్తిగా వినండి.

ఎప్పుడు కొన్నా ఒకటే ధర అనుకోండి. ఏముంది అందులో? ప్రయాణం అనుకుంటాం, టికెట్టు కొంటాం, పెట్టె సర్దుకుంటాం, వెళ్లిపోతాం. మూడు నిమిషాల పని! మిగిలిన రెండు నెలలూ మనిషి ఏం చేసుకోవాలి? గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలా?

అదే ధర మారుతూ ఉందనుకోండి, బతుక్కి ఒక లక్ష్యం ఏర్పడుతుంది. పొద్దున్నే పళ్లు తోముకోకముందే ధర చూడాలి. తోముకున్నాక మళ్లీ చూడాలి, ఈలోగా తగ్గిందేమోనని. లిఫ్టులో చూడాలి. మీటింగులో బల్ల కింద చూడాలి. పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని కూడా చూశాన్నేను. ధర పెరిగింది. బాధతో మూలిగాను. పాపం ఆ డాక్టరు, పన్ను నొప్పి అనుకుని ఇంకో ఇంజక్షన్ ఇచ్చాడు. ఒక్క టికెట్టు చూపుతో నొప్పి లేని వైద్యం! ఇంతకంటే లాభం ఎవరికి కావాలి?

ఈ విద్యలో నాకు గురువు మా ఆఫీసులో స్టోర్స్ చూసే పెద్దమనిషి. ఆయన్ని అందరం మంగళవారం గారు అంటాం. ప్రయాణానికి సరిగ్గా యాభై నాలుగు రోజుల ముందు, అదీ మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకి టికెట్టు కొనాలన్నది ఆయన సిద్ధాంతం. శుక్రవారం కొనేవాణ్ణి చూసి ఆయన జాలిపడతారు. ఆదివారం కొనేవాడితో అసలు మాట్లాడరు. ఇంత తెలిసిన మనిషి ఇప్పటిదాకా విమానం ఎక్కలేదు. ఎందుకని అడిగితే, "సరైన మంగళవారం ఇంకా పడలేదండీ" అంటారు. నిష్ఠ అంటే అదీ!

ఇక నా సంగతికి వస్తాను. మా అక్క దర్జీ. ముప్పై ఏళ్లపాటు ఊళ్లోవాళ్ల షాపుల్లో, ఊళ్లోవాళ్ల మిషన్ల మీద కుట్టింది. నా చదువు కూడా ఆ మిషన్ల మీదే సాగింది. నాకు కుట్టిన ప్రతి చొక్కా రెండంగుళాలు వదులుగానే కుట్టేది, నేను ఎదుగుతానన్న నమ్మకంతో. అలాంటి అక్క రెండు నెలల ముందు ఫోన్ చేసింది.

"ఒరేయ్, సొంతంగా షాపు పెడుతున్నాన్రా. ఫలానా శనివారం పొద్దున పదింటికి తలుపులు తీస్తున్నా. మీరు నలుగురూ రావాలి. నా షాపులో మొదటి తాను మీకోసమే కోస్తున్నా. కొలతలు పంపు."

నలుగురూ అంటే నేను, మా ఆవిడ, మా అమ్మాయి, మాతోనే ఉండే మా అత్తగారు. ఆ సాయంత్రమే ధర చూశాను. నలుగురికీ హాయిగా అయ్యేటట్టే ఉంది. నొక్కబోయాను. ఈలోగా గురువుగారు గుర్తొచ్చారు. మా ప్రయాణం శుక్రవారం. యాభై నాలుగు రోజులు వెనక్కి లెక్కేస్తే ఆదివారం పడింది! ఆదివారం ఎలా కొంటాను? రేపు ఆఫీసులో తలెత్తుకు తిరగాలా వద్దా? దాని తర్వాత వచ్చే మంగళవారం దాకా ఆగాను. ఆ మంగళవారానికి ధర ఒకటిన్నర రెట్లయింది.

సామాన్యుడైతే ఇక్కడే డీలా పడిపోయేవాడు. నేను పోరాటానికి దిగాను.

మీకు తెలుసో లేదో, మన ఆత్రాన్ని ఫోన్ పసిగడుతుంది. వీడికి వెళ్లక తప్పదని దానికి తెలిసిందా, ధర పెంచేస్తుంది. అందుకని ఇంట్లో కొన్ని కట్టుబాట్లు పెట్టాను. ఫోన్ వింటూ ఉండగా అక్క ఊరి పేరు ఎవరూ ఎత్తకూడదు. 'ఆ ఊరు' అనాలి. ఈ వ్యాసంలో కూడా ఆ పేరు రాయడం లేదు, గమనించారా? ధర చూసేటప్పుడు ముఖంలో ఆసక్తి కనబడకూడదు. వీలైతే ఆవులించాలి.

"నాన్నా, నీ కళ్లు మెరుస్తున్నాయి. ఆవులించు, ఆవులించు!" అని మా అమ్మాయి పక్కనుంచి హెచ్చరించేది.

ముందుగా వేరే ఊళ్ల టికెట్లు చూసి, ఫోన్‌ని తికమక పెట్టాలన్నది ఇంకో నియమం. మా అత్తగారు దీన్ని మనసుపెట్టి పాటించారు. ఎక్కడో మంచు కురిసే దేశానికి వారం రోజులు టికెట్లు చూశారు. అప్పట్నుంచీ ఆవిడ ఫోన్లో ఉన్ని కోట్ల ప్రకటనలే. "బాబూ, ఇందులో గోధుమ రంగుది బాగుంది. ఒకవేళ నిజంగా వెళితేనో?" అని అడుగుతూ ఉంటారు.

ఇదివరకు మా ఇంట్లో నలుగురం నాలుగు మూలల కూర్చునేవాళ్లం. ఇప్పుడు భోజనాల దగ్గర అందరిదీ ఒకటే మాట. పొద్దున ఎంత, మధ్యాహ్నం ఎంత, ఎవరి ఫోన్లో ఎంత? కుటుంబాన్ని ఒక్క తాటి మీదికి తెచ్చింది ఎవరండీ? టికెట్టు ధర కాదూ?

మధ్యమధ్య అక్క ఫోన్ చేసేది.

"టికెట్లు తీసుకున్నావా?"

"చూస్తున్నానక్కా."

"నెలన్నర నుంచీ ఏం చూస్తున్నావురా? విమానం ఏమైనా నువ్వే కొంటున్నావా?"

అక్కకి ఆర్థికశాస్త్రం తెలియదు. ఆమె చేత గుడ్డ పడితే కొలిచి, కోసి, కుట్టేయడమే.

ధర రెట్టింపు దాటింది. అప్పుడొక గంభీరమైన నిర్ణయం తీసుకున్నాను. నలుగురం వెళ్లడం కుదరని పని, నేనొక్కణ్ణే వెళ్తాను. మా ఆవిడ "వదిన బట్టలు కుట్టేసి ఉంటుంది" అని మాత్రం అంది. మా అత్తగారు అప్పటికే సర్దిపెట్టుకున్న చిన్న పెట్టెని మంచం కిందికి తోసేశారు. నాకు బాధగానే అనిపించింది. అయితే మాత్రం? పోరాటంలో త్యాగాలు తప్పవు!

ఆ ఒక్క టికెట్టైనా చౌకగా కొట్టాలి కదా. నా పేరు, పుట్టినరోజు, కార్డు నంబరు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. ఓటీపీ కోసం నన్ను అడిగే పని లేకుండా, ఒక్క నొక్కుతో కొనేటట్టు అందరి ఫోన్లలోనూ అవి ఎక్కించాను. ఆఖరి ఆజ్ఞ జారీ చేశాను. "ధర మొదటి రోజు ఉన్నంతకి దిగడం ఎవరి కంట పడితే వాళ్లు వెంటనే కొనేయాలి. నన్ను అడగొద్దు. ఒకరికొకరు ఫోన్ చేసుకోవద్దు. హలో అనేలోపు మళ్లీ పెరిగిపోతుంది!"

ప్రయాణం ఇంకా పది రోజులుందనగా మంగళవారం వచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంట. ఆఫీసు క్యాంటీన్లో నేను, నా పక్కన మంగళవారం గారు. ఆయన గడియారం చూసి, "ఇప్పుడు చూడండి" అన్నారు. ఆవులిస్తూ చూశాను. దిగింది! సరిగ్గా మొదటి రోజు ధరకే దిగింది! నొక్కాను. మంగళవారం గారి కళ్లు చెమర్చాయి. ఇద్దరం కరచాలనం చేసుకున్నాం.

ఇంతలో బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. వెనకే ఇంకోటి వచ్చింది. ఇంకోటి. మరోటి. బ్యాంకు వాళ్లు కూడా ఇంత సంబరపడుతున్నారేమిటా అనుకున్నాను.

మా ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఒంటిగంటకి సిరంజి పక్కన పెట్టి నొక్కేసింది. మా అమ్మాయి కాలేజీ మెట్ల మీద నొక్కేసింది. మా అత్తగారు సోఫాలో, ఆ మంచుదేశాన్ని కాసేపు పక్కన పెట్టి, నొక్కేశారు. నలుగురం ఒకే నిమిషంలో, ఒకే విమానానికి, ఒకే మనిషికి! ఆ శుభవార్త చెప్పడానికి నలుగురం ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. అందరి ఫోన్లూ ఎంగేజే.

వెనక్కివ్వడం కుదరదట. పేరు మార్చడమూ కుదరదట. చౌక టికెట్టు కదా! ఇంకో మూడు కొందామంటే చేతిలో డబ్బూ అయిపోయింది, ధర మళ్లీ రెట్టింపూ అయింది.

ఇక విమానంలో నాకు జరిగిన మర్యాద ఏ మంత్రికి జరుగుతుంది చెప్పండి? వరుసలో మూడు సీట్లూ నావే, నడవకి అవతల సీటూ నాదే. కానీ తలుపు మూయరే! మైకులో నా పేరు పిలుస్తున్నారు. ఇదే ఆఖరి పిలుపు అంటున్నారు. చెయ్యెత్తాను. ఎయిర్‌హోస్టెస్ వచ్చి కాగితం చూసి, "సార్, మీరు వచ్చారు. ఇంకా మీరు ముగ్గురు రావాలి" అంది.

ఇరవై నిమిషాలు ఆగారు. వెనక సీటాయన విసుక్కున్నాడు. "ఎవరో ముగ్గురట! టైమంటే లెక్కలేని మనుషులు!"

"అవునండీ, బొత్తిగా బాధ్యత లేదు" అన్నాను.

విమానం లేచింది. ఇటు చూస్తే రెండు ఖాళీ సీట్లు, అటు చూస్తే ఒకటి. మా అత్తగారికి కిటికీ పక్క సీటంటే ఎంత సరదానో అప్పుడు గుర్తొచ్చింది. కిటికీ పక్కన కూర్చోబుద్ధి కాలేదు.

శనివారం పదింటికి అక్క షాపు తలుపులు తీసింది. చిన్న గది, సొంత మిషను, కొత్త రంగు వాసన. గోడకి నాలుగు హ్యాంగర్లు. ఒకే నీలం తానులోంచి కుట్టిన నాలుగు జతలు, ఒక్కోదానికి పిన్నుతో ఒక్కో చీటీ. తమ్ముడు, మరదలు, పిల్ల, అత్తగారు.

"మిగతావాళ్లు వెనక వస్తున్నారా?" అంది అక్క, పళ్ల మధ్య పిన్నులతో.

"లేదక్కా. నేనొక్కణ్ణే."

"టికెట్లు దొరకలేదా?"

"దొరికాయక్కా. నాలుగు దొరికాయి."

మొత్తం చెప్పాను. అక్క నోట్లోంచి పిన్నులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. చిన్నప్పట్నుంచీ అంతే, పిన్నులన్నీ బయటికి వచ్చాయంటే నాకు మూడిందన్నమాట.

"నేను ఫోన్ చేసిన రోజున నలుగురికీ ఎంతయ్యేది?"

చెప్పాను.

"ఇప్పుడు ఎంతయింది?"

"సరిగ్గా అంతేనక్కా!" అన్నాను. నా గొంతులో కాస్త గర్వం కూడా పలికిందని ఒప్పుకుంటాను.

"మరి మిగతా ముగ్గురేరిరా?"

యాభై నాలుగు రోజుల గురించి అడగండి, చెబుతాను. ఆవులింత ఎప్పుడు మొదలుపెట్టాలో అడగండి, చెబుతాను. ఈ ఒక్కటి మాత్రం అడక్కండి. హ్యాంగర్ మీంచి నా నీలం చొక్కా తీసి తొడుక్కున్నాను. ఇప్పటికీ రెండంగుళాలు వదులుగానే కుట్టింది అక్క.

తిరిగొచ్చేటప్పుడు ఆ మూడు జతలూ ఇమ్మంటే ఇవ్వలేదు. "అవి పార్సిల్ బట్టలు కావు. వచ్చి తొడుక్కోమను" అంది.

వచ్చి ఈ మాట చెప్పాను. మొన్న ఆదివారం మా ఆవిడ 'ఆ ఊరు' అనకుండా, ఊరి పేరు ఫోన్ ముందే గట్టిగా చెప్పి, కళ్లు మెరుస్తుండగానే మూడు టికెట్లు కొనేసింది. ఆదివారం! ధర ఎంతని అడిగితే చూడలేదంది. మా అత్తగారి పెట్టె మంచం కిందినుంచి బయటికొచ్చింది. మంగళవారం గారు నాతో మాట్లాడటం మానేశారు.

"మూడేనా? మరి నాకో?" అన్నాను.

"మీకు నాలుగు కొన్నాంగా!" అంది.