తూర్పు కిటికీ ఉన్న ఇల్లు

“ప్రాణమున్నదాన్ని చీకటి కొంపకు పంపడం మహాపాపం!” అని ఆయన మూడోసారి ప్రకటించేసరికి ఇల్లాలి చేతిలో తడిబట్టల బకెట్ మరింత బరువెక్కింది.

“పాపం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ బట్టలు ఎక్కడ ఆరెయ్యమంటారో చెప్పండి.”

వరండా నిండా టమాటా నారే. మేడమెట్ల మీదా నారే. ముందుగదిలో తూర్పు కిటికీ కిందనైతే పెరుగు డబ్బాల్లో, పగిలిన మగ్గుల్లో, ఆఖరికి ఆమె పిండి కలుపుకునే బేసిన్‌లో కూడా వంగనారు కొలువు తీరి ఉంది.

తప్పు ఆయనది కాదు, గింజలది. ఉద్యోగమంతా తనిఖీ అధికారిగా వెలగబెట్టి రిటైరైన మనిషికి ఎవర్నీ నమ్మే అలవాటు లేదు. సగం గింజలు ఎలాగూ పని ఎగ్గొడతాయని పొట్లాలన్నీ ఒకేసారి చల్లేశాడు. అవేమన్నా ఆయన ఆఫీసు సిబ్బందా? ఒక్కటీ సెలవు పెట్టకుండా అన్నీ హాజరయ్యాయి!

“అడిగినవాళ్ళకు తలా నాలుగు ఇచ్చేస్తే పోలా?” అంది ఇల్లాలు.

“ఇవ్వడం వేరు, అప్పగించడం వేరు! తీసుకునేవాళ్ళకి అర్హత ఉండొద్దూ?”

ఆ అర్హత తేల్చడానికి ఆయనే స్వయంగా కదిలాడు. పక్కింటి డాక్టరమ్మ బాల్కనీలో ఎండ ఎంతసేపు నిలుస్తుందో చూస్తానని కూర్చుని, రెండు సార్లు కాఫీ తాగి, “గాలి చాలదు” అని లేచాడు. ఎదురింటి మాస్టారు పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే ఇంటికొస్తాడట. “పగలంతా పలకరించే దిక్కులేని ఇంట్లో లేతప్రాణం ఏమైపోవాలి?” అని ఆయన్నీ కాదనేశాడు. వారం తిరక్కుండానే వీధిలో ఆయన చెప్పుల చప్పుడు వింటే తలుపులు మూసుకునే పరిస్థితి వచ్చింది.

ఇదంతా వంటింటి వెనక సామాన్ల గదిలోంచి ఆయన తల్లి వింటూనే ఉంది. మొన్నమొన్నటిదాకా ఆవిడ మంచం తూర్పు కిటికీ కిందే ఉండేది. నారు రాగానే తాత్కాలికంగా వెనక్కి మార్చారు. ఆయన ఆఫీసు భాషలో తాత్కాలికమంటే ఎవరో ఒకరు గొంతు చించుకునేదాకా అని. పెద్దావిడ గొంతు చించుకునే రకం కాదు. కోడలే అడిగింది.

“ఆ గదిలో పట్టపగలు లైటు వేసుకోవాలండీ. అత్తయ్యగారి మోకాళ్ళు పట్టేస్తున్నాయి.”

“ఎండ తగలకపోతే మొక్కలు పాలిపోతాయే! అమ్మకేం, మందపాటి దుప్పటి ఉందిగా!”

పోనీ కొన్నాళ్ళు మా ఇంట్లో ఉంచుకుంటానని ఆయన చెల్లెలు ఎప్పట్నుంచో అడుగుతోంది. “కొడుకుండగా తల్లి కూతురింట్లోనా! నా పరువేం కావాలి?” అని కొట్టిపారేశాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ, “అమ్మ నా దగ్గరే ఉంటుంది” అని చెప్పుకోవడం ఆయనకు మహా ఇష్టం. అమ్మను చూపించమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు, అది ఆయన అదృష్టం.

నారు పోసినవాడు నీరు పోయడా అంటారు. ఆ ఇంట్లో మాత్రం పోయలేదు. పొద్దున్నే గోడ పట్టుకుని ముందుగదిలోకి వచ్చి, డబ్బా డబ్బాకీ నీళ్ళు చిలకరించి, ఆ వంకన కాసేపు మొక్కల వాటా ఎండలో నిలబడి, మళ్ళీ తన గదిలోకి వెళ్ళేది పెద్దావిడే.

అంతలో చెల్లెలు కూడా దరఖాస్తుదారుల్లో చేరింది. “అన్నయ్యా, నాకూ నాలుగు వంగ మొక్కలిద్దూ!”

“తోడబుట్టినదానివైనా మినహాయింపు లేదు!” అని వెళ్ళి, ఆమె ఇల్లంతా గాలించి, రాత్రి భోజనాల దగ్గర ఆయన వెలిగిపోతూ ప్రకటించాడు.

“ఇల్లంటే అదీ! తూర్పు కిటికీ, ధారాళమైన గాలి. అది రోజంతా కుట్టుమిషను తొక్కుతూ లొడలొడ మాట్లాడుతూనే ఉంటుంది. లేతప్రాణానికి మాట కూడా ఎరువేనే!”

పెద్దావిడ పెరుగన్నం కలుపుతూ అడిగింది. “సరిగ్గా చూశావా నాయనా?”

“నా తనిఖీలో పొరపాటా? ఎంత మాటన్నావమ్మా!”

“చీకటి లేదుగా?”

“మధ్యాహ్నం దాకా ఎండే!”

“నీళ్ళూ అవీ వేళకి చూస్తుందంటావా?”

“చెల్లెల్ని నేనెరగనా! ఆ ఇంటికి ఏ ప్రాణం వెళ్ళినా నెల తిరక్కుండా నవనవలాడుతుంది. రాసిపెట్టుకో!”

“అయితే పొద్దున మొక్కలతో పాటు నేనూ అక్కడికే వెళ్తాను,” అంది పెద్దావిడ, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా. “బట్టలు కోడలు సర్దేసింది.”

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె ఆయన గ్లాసులో నీళ్ళు నింపుతోంది, చాలా శ్రద్ధగా.

ఆయన ఆ గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు.

“మరి... మిగిలిన నారుకి నీళ్ళెవరు పోస్తారమ్మా?”